చిన్న మొత్తాలకు తోవ చూపిన డాక్టరు

ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం పోయే దారిలో, భీమడోలుకు దగ్గరలో గుండుగొలను అనే ఊరు ఉంది. వరిచేలు, చెరువులు, కాలవ గట్లు తప్ప ఆ ఊరికి వేరే ప్రత్యేకత లేదు. కాని తెలుగువాళ్ల సొమ్ము తెలుగువాళ్ల చేతుల్లోనే పెరగాలని కలగన్న మనిషి ఆ ఊళ్లోనే పుట్టాడు. ఆయనే డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య.

పట్టాభి పేరు వినగానే మనకు స్వాతంత్ర్య పోరాటం, కాంగ్రెస్ పార్టీ చరిత్ర గుర్తుకొస్తాయి. ఆయన జీవితంలో ఇంకో ముఖం ఉంది. చేతిలో కాస్త సొమ్ము మిగిలిన సామాన్యుడు ఆ సొమ్మును ఎక్కడ పెట్టాలి, ఎవరిని నమ్మాలి, ఎంతతో మొదలుపెట్టాలి అన్న ప్రశ్నకు ఆయన జవాబు వెతికాడు. ఆ ప్రశ్న ఈనాటికీ మన ఇళ్లల్లో వినిపిస్తూనే ఉంది. బీరువాలో కూడబెట్టిన నోట్లు, కూతురి పెళ్లికని దాచిన బంగారం, గల్ఫ్ నుంచి కొడుకు పంపే డబ్బు - వీటిని ఏం చేయాలో తెలియక సతమతమయ్యే కుటుంబాలు మనలో ఎన్నో. వడ్డీ హరాం అని తెలుసు. మరి హలాల్ తోవ ఏది? ఆ సందేహం తీరకపోవడంతో కొందరు సొమ్మును ఊరికే ఉంచేస్తారు. మరికొందరు తొందరపడి మోసగాళ్ల చేతుల్లో పోస్తారు. అందుకే పట్టాభి జీవితాన్ని ఈ కోణం నుంచి ఒకసారి చూడటం మంచిది.

బీద ఇంట పుట్టిన బిడ్డ

పట్టాభి 1880 నవంబరు 24న పుట్టారు. గుండుగొలను ఒకప్పుడు కృష్ణా జిల్లాలో ఉండేది. తరవాత పశ్చిమ గోదావరి జిల్లాలోకి వచ్చింది. 2022లో జిల్లాల విభజన జరిగాక ఏలూరు జిల్లాలో చేరింది. ఆయనది కలిగిన కుటుంబం కాదు. రూపాయి విలువ ఏమిటో చిన్ననాడే తెలిసిన ఇల్లు. అయినా చదువు మాత్రం ఆగలేదు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో బి.ఏ. పట్టా పుచ్చుకున్నారు. ఆ పైన వైద్యం చదివి ఎం.బి.సి.ఎం. అయ్యారు. బందరులో, అంటే మచిలీపట్నంలో, డాక్టరుగా ప్రాక్టీసు పెట్టారు.

బందరు సామాన్యమైన ఊరు కాదు. గోల్కొండ సుల్తానుల కాలంలో అది పెద్ద రేవు. అక్కడి అద్దకం బట్టలు ఓడలెక్కి పర్షియా దాకా పోయేవి. ఎందరో ముస్లిం వర్తకులు ఆ రేవును నమ్ముకుని బతికారు. పట్టాభి అక్కడ కాపురం పెట్టేనాటికి ఆ వైభవం పోయింది. వర్తకం మద్రాసుకు తరలిపోయింది.

డెల్టాలో మాత్రం సంపదకు కొదవ లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరవాత గోదావరి కాలవల కింద వరి విరగపండింది. రైతు చేతిలో, వర్తకుడి చేతిలో డబ్బు ఆడింది. కాని ఆ డబ్బుకు స్థానికంగా ఒక చోటు లేదు. మిగులున్నవాడు ఇంట్లో పాతిపెట్టుకోవాలి, లేదా బంగారం కొనుక్కోవాలి. లేనివాడు షావుకారు దగ్గరికి పోయి హెచ్చు వడ్డీకి అప్పు తెచ్చుకోవాలి. ఒకే ఊళ్లో ఒకడి సొమ్ము మూలన మూలుగుతుండేది, ఇంకొకడు వడ్డీ కింద నలిగిపోతుండేవాడు. ఈ రెండింటినీ కలిపే తోవ లేకపోయింది.

నమ్మకం కూలిన ఏడాది

1906 అక్టోబరులో మద్రాసులో ఒక పిడుగు పడింది. అర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసింది. అది తెల్లదొరల కంపెనీ. పెద్ద పేరు, పెద్ద భవనం, పెద్దవాళ్ల స్నేహం. దాని చేతిలో సొమ్ము పెడితే చాలు, నిశ్చింతగా నిద్రపోవచ్చని జనం అనుకునేవారు. పింఛను తీసుకున్న గుమాస్తాలు, వితంతువులు, చిన్న వర్తకులు తమ జీవితకాలపు పొదుపును అక్కడ దాచారు. ఒక్క రోజులో అంతా మునిగింది. కంపెనీ యజమాని సర్ జార్జి అర్బత్‌నాట్‌కు జైలుశిక్ష పడింది. సొమ్ము పోగొట్టుకున్నవారి కన్నీళ్లను ఆ శిక్ష తుడవలేదు.

ఆ దెబ్బ తిన్నాకే దక్షిణాదిన స్వదేశీ బ్యాంకుల ఆలోచన గట్టిపడింది. మద్రాసులో ఇండియన్ బ్యాంకు 1907లో పుట్టింది. దొర పేరు చూసి కాదు, లెక్క చూసి నమ్మాలి అన్న పాఠం జనానికి అప్పుడు తెలిసివచ్చింది. మద్రాసు రాష్ట్రమంతటా చదువుకున్నవాళ్లు దీని గురించి చాలాకాలం మాట్లాడుకున్నారు. పట్టాభి తరం పెరిగింది ఆ వాతావరణంలోనే.

ఒక్కొక్క మెట్టూ

పట్టాభి ఒక్కసారిగా బ్యాంకు పెట్టలేదు. ముందు చిన్న పనులతో అనుభవం సంపాదించారు. మిత్రులు కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావులతో కలిసి 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు. అందులో చదువుతోపాటు చేతిపనులూ నేర్పేవారు. నలుగురి దగ్గర చందాలు పోగుచేసి, ఆ సొమ్ముకు లెక్క చెప్పి, ఒక సంస్థను నిలబెట్టడం ఎలాగో ఆ పనిలో అలవడింది.

తరవాత సహకార ఉద్యమంలో పాలుపంచుకున్నారు. సహకార పరపతి సంఘాల చట్టం 1904లో వచ్చింది. ఊళ్లో నలుగురు కలిసి తలా కొంత వేసుకుని, అవసరమైనవాడికి అందులోంచి అప్పిచ్చే ఏర్పాటు అది. కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు 1915లో ఏర్పడటంలో ఆయన కృషి ఉంది. జాతీయోద్యమం పిలుపు వచ్చాక వైద్యవృత్తిని మానుకున్నారు. 1919లో జన్మభూమి అనే ఆంగ్ల పత్రికను మొదలుపెట్టారు.

ఇక్కడ చిన్న మదుపుదారుడు గమనించవలసింది ఒకటుంది. పట్టాభి తనకు తెలియని పనిలోకి దూకలేదు. మొదట కళాశాల, తరవాత సహకార సంఘం, ఆ తరవాతే బ్యాంకు. చేతిలో పదివేలు ఉన్నవాడు మొదటిరోజే పదివేలూ ఒకచోట పెట్టడం తెలివి కాదు. అయిదు వందలతో మొదలుపెట్టి, ఆ పని ఎలా నడుస్తుందో చూసి, అర్థమైన తరవాత పెంచుకుంటూ పోవాలి.

లక్ష రూపాయల బ్యాంకు

1923 నవంబరు 20న ఆంధ్రా బ్యాంకు రిజిస్టరయింది. అదే నెల 28న బందరులో వ్యాపారం మొదలుపెట్టింది. దాని అధీకృత మూలధనం 10 లక్షలు. చెల్లించిన మూలధనం 1 లక్ష మాత్రమే.

ఈ రెండు మాటలకూ తేడా తెలుసుకోవాలి. అధీకృత మూలధనం అంటే కంపెనీ ఎంతవరకు షేర్లు అమ్ముకోవచ్చో ఆ హద్దు. చెల్లించిన మూలధనం అంటే వాటాదారులు నిజంగా తెచ్చి ఇచ్చిన సొమ్ము. ఎవరైనా తమ కంపెనీ పది కోట్లదని గొప్పగా చెబితే, అందులో చెల్లించినది ఎంతో అడగాలి. పట్టాభి బ్యాంకు పది లక్షల హద్దు పెట్టుకుని లక్షతోనే తలుపులు తెరిచింది. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. ఉన్నదెంతో అంతే చెప్పి మొదలుపెట్టింది.

లెక్కకు చెప్పుకుందాం. లక్ష రూపాయలు కావాలంటే ఒక జమీందారు ఒక్కడే ఇవ్వవచ్చు. లేదా తలా వంద రూపాయల చొప్పున వెయ్యిమంది ఇవ్వవచ్చు. మొదటి దారిలో సంస్థ ఒకడి సొత్తు అవుతుంది. రెండో దారిలో వెయ్యిమందికి దానిమీద కన్ను ఉంటుంది. లాభం వస్తే వెయ్యి ఇళ్లకు చేరుతుంది, నష్టం వస్తే వెయ్యి భుజాలు మోస్తాయి, ఏ ఒక్కడూ కూలిపోడు. షేరు అన్న మాటకు అసలు అర్థం ఇదే.

బ్యాంకుతో ఆయన ఆగలేదు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ, 1929లో భారతలక్ష్మీ బ్యాంకు వచ్చాయి. అన్నీ బందరులోనే పుట్టాయి. మద్రాసు, బొంబాయి కంపెనీలకు పోయే సొమ్ము సొంత జిల్లాల్లో తిరగాలన్నది ఆయన పట్టుదల.

జైళ్లూ పదవులూ

ఈ సంస్థలు నడుస్తుండగానే ఆయన పలుమార్లు జైలుకు వెళ్లారు. 1935లో కాంగ్రెస్ చరిత్ర గ్రంథాన్ని రాశారు. 1939లో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి గాంధీజీ మద్దతుతో పోటీచేసి, సుభాష్ చంద్రబోస్ చేతిలో ఓడిపోయారు. బోసుకు 1580 ఓట్లు, పట్టాభికి 1377 ఓట్లు వచ్చాయి. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం మొదలవగానే కాంగ్రెస్ కార్యవర్గ సభ్యుల్లో చాలామందిని అహ్మద్‌నగర్ కోటలో బంధించారు. నెహ్రూ, పటేల్‌తోపాటు మౌలానా అబుల్ కలాం ఆజాద్, ఆసఫ్ అలీ, డాక్టర్ సయ్యద్ మహమూద్ అక్కడ ఆయన తోటి ఖైదీలు. ఆజాద్ తన గుబారె ఖాతిర్ లేఖలు రాసింది ఆ కోటలోనే. పట్టాభి కూడా అక్కడ దినచర్య రాసుకున్నారు. అది తరవాత ఫెదర్స్ అండ్ స్టోన్స్ అనే పేరుతో పుస్తకంగా వచ్చింది.

1948లో జైపూరు కాంగ్రెసుకు ఆయన అధ్యక్షులయ్యారు. 1952 నుంచి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా ఉన్నారు. 1959 డిసెంబరు 17న కన్నుమూశారు.

స్థాపకుడు ఏళ్లతరబడి జైలులో ఉన్నా బ్యాంకు మూతపడలేదు. ఇది చిన్న సంగతి కాదు. ఒక మనిషి మాటమీద, ముఖంమీద నడిచే సంస్థ ఆ మనిషి కనిపించకపోతే కూలిపోతుంది. చట్టం ప్రకారం రిజిస్టరై, లెక్కలు రాసి, తనిఖీకి లోబడి నడిచే సంస్థ మనిషి లేకపోయినా నిలబడుతుంది. సొమ్ము పెట్టేముందు వేసుకోవలసిన ప్రశ్న అదే. ఈ పెద్దమనిషి రేపు లేకపోతే నా సొమ్ము సంగతి ఏమిటి?

తరవాతి కథ

1956లో కేంద్ర ప్రభుత్వం జీవిత బీమా వ్యాపారాన్ని జాతీయం చేసి ఎల్ఐసిని స్థాపించింది. భారతలక్ష్మీ బ్యాంకు 1964లో ఆంధ్రా బ్యాంకులో కలిసిపోయింది. ఆంధ్రా బ్యాంకును ప్రభుత్వం 1980 ఏప్రిల్ 15న జాతీయం చేసింది. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది. లక్ష రూపాయల మూలధనంతో బందరులో పుట్టిన పేరు 96 ఏళ్లు నిలిచి, ఆ రోజుతో బోర్డులమీంచి తొలగిపోయింది.

ఆ విలీనంలో 1000 ఆంధ్రా బ్యాంకు షేర్లున్నవారికి 325 యూనియన్ బ్యాంకు షేర్లు ఇచ్చారు. షేరంటే ఏమిటో ఈ లెక్క చెబుతుంది. షేరు కొన్నవాడికి ఫలానా మొత్తం తిరిగి వస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు. సంస్థతోపాటు అతని సొమ్మూ పెరుగుతుంది, తరుగుతుంది, ఇంకో రూపం దాలుస్తుంది.

డిపాజిటు సంగతి వేరు. పట్టాభి కాలంలో డిపాజిటుదారుడికి ఏ బీమా లేదు. 1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు మూతపడ్డాక ప్రభుత్వం కళ్లు తెరిచింది. 1962 జనవరి 1 నుంచి డిపాజిట్లకు బీమా వచ్చింది. మొదట 1,500 రూపాయలవరకే. 1993లో లక్షకు, 2020లో 5 లక్షలకు పెంచారు.

మనకు ఇందులో ఏముంది?

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. పట్టాభి స్థాపించింది వడ్డీతో నడిచే బ్యాంకు. వడ్డీని ఇస్లాం నిషేధించింది. వడ్డీయే ప్రధాన వ్యాపారమైన సంస్థలో షేరు కొనడాన్ని మన పండితుల్లో అత్యధికులు అంగీకరించరు. కాబట్టి ఆయన పెట్టిన బ్యాంకు మనకు నమూనా కాదు. నలుగురూ చిన్న చిన్న వాటాలు వేసి, లాభనష్టాలు పంచుకుని, లెక్కలు అందరికీ చూపిన ఆ పద్ధతి మనకు నమూనా.

ఆ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. మదీనాకు వట్టి చేతులతో హిజ్రత్ చేసిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు అన్సారీ సోదరుడు తన ఆస్తిలో సగం ఇవ్వజూపాడు. ఆయన దువా చేసి, అది పుచ్చుకోకుండా, బజారుకు దారి అడిగారు. కాస్త జున్ను, నెయ్యి అమ్మడంతో మొదలుపెట్టి, మదీనాలో పేరుమోసిన వర్తకుడయ్యారు. మన ఫిఖ్‌హ్‌లో ముషారకా ఉంది, ముదారబా ఉంది. ముషారకాలో అందరూ సొమ్ము పెడతారు. లాభం ముందుగా ఒప్పుకున్న నిష్పత్తిలో, నష్టం పెట్టిన సొమ్ము నిష్పత్తిలో పంచుకుంటారు. ముదారబాలో ఒకరిది సొమ్ము, ఇంకొకరిది శ్రమ. నష్టం వస్తే, శ్రమ చేసినవాడి నిర్లక్ష్యం లేనప్పుడు, సొమ్ముదారుడే భరిస్తాడు. రెండింటిలోనూ నెలకు ఇంత అని లాభాన్ని ముందే ఖాయం చేయకూడదు.

ఈ చివరి షరతు మన ధర్మాన్ని కాపాడటమే కాదు, మన జేబునూ కాపాడుతుంది. 2019 జూన్‌లో బెంగుళూరులో ఐ మానిటరీ అడ్వైజరీ అనే సంస్థ కుప్పకూలింది. హలాల్ పెట్టుబడి అని చెప్పి, నెలనెలా ఆకర్షణీయమైన లాభం ఆశచూపి, అది వేలాది ముస్లిం కుటుంబాల సొమ్మును మింగింది. నగలు అమ్మి, పింఛను సొమ్ము తెచ్చి పెట్టినవారున్నారు. 1906లో దొర పేరు చేసిన పనినే 2019లో హలాల్ అన్న మాట చేసింది. నిజమైన వ్యాపారంలో ఒక నెల లాభం ఎక్కువ, ఒక నెల తక్కువ, ఒక నెల నష్టం ఉంటుంది. ఏ నెలా తగ్గకుండా లాభం పంచుతానన్నవాడు వ్యాపారం చేస్తున్నాడా, ఒకరి సొమ్ము తెచ్చి ఇంకొకరికి ఇస్తున్నాడా అని అనుమానించాలి. గడ్డం చూసి, టోపీ చూసి, బోర్డుమీది అరబ్బీ అక్షరాలు చూసి సొమ్ము ఇవ్వడం దీన్‌ను గౌరవించడం కాదు.

మొదటి అడుగు ఎలా?

ముందు అప్పులు తీర్చాలి. ముఖ్యంగా వడ్డీ అప్పు నెత్తిన ఉండగా పెట్టుబడి గురించి ఆలోచించడం వృథా. తరవాత మూడు నాలుగు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉంచాలి. జబ్బు చేసినా, పని పోయినా ఆ సొమ్మే ఆదుకుంటుంది. పెళ్లికి, ఫీజుకు ఏడాదిలోపు కావలసిన డబ్బును షేర్లలో పెట్టరాదు. అయిదారేళ్లు ముట్టుకోనవసరం లేని సొమ్మే పెట్టుబడికి తగినది.

ఆ తరవాత చిన్న మొత్తంతో మొదలుపెట్టాలి. చాలా మ్యూచువల్ ఫండ్ పథకాల్లో నెలకు 500 రూపాయలు చాలు. ఏడాదికి 6,000. పదేళ్లకు మన చేతిసొమ్మే 60,000 అవుతుంది. దానిమీద లాభమో నష్టమో మార్కెట్టును బట్టి ఉంటుంది. వడ్డీ వ్యాపారం, మద్యం, జూదం వంటివాటిని, అప్పుల్లో మునిగిన కంపెనీలను వదిలి మిగతావాటిలోనే పెట్టే ఫండ్లున్నాయి. టాటా ఎథికల్ ఫండ్ అటువంటిది. బొంబాయి స్టాక్ ఎక్స్‌ఛేంజి 2010లో షరియా సూచీని కూడా ప్రారంభించింది. ఇటువంటి కంపెనీల ఆదాయంలోనూ అక్కడక్కడ కాస్త వడ్డీ కలుస్తుంది. ఆ భాగాన్ని లెక్కకట్టి, పుణ్యం ఆశించకుండా బీదలకు ఇచ్చివేయాలని పండితులు చెబుతారు. సందేహం ఉంటే తెలిసిన ఆలిమ్‌ను అడగాలి.

షేర్ల బ్రోకర్లు, మ్యూచువల్ ఫండ్లు సెబీలో నమోదై ఉండాలి. డిపాజిట్లు తీసుకునే హక్కు ఎవరికి పడితే వారికి లేదు. అనుమతి లేని డిపాజిట్లను నిషేధిస్తూ 2019లో కేంద్రం చట్టం చేసింది. అనుమానం వస్తే ఫిర్యాదు చేయడానికి రిజర్వు బ్యాంకు నడిపే సచేత్ అనే వేదిక ఉంది. సొమ్ము ఎక్కడ పెట్టారో ఇంట్లో భార్యకు, పెద్దపిల్లలకు తెలియాలి. నామినీ పేరు తప్పక రాయించాలి. కాగితాలు ఒకేచోట ఉండాలి.

బంధువో, స్నేహితుడో పెట్టే దుకాణంలో వాటా వేసినా ఇదే నియమం. ఎంత పెట్టారు, లాభం ఏ నిష్పత్తి, నష్టం ఎవరిది, లెక్క ఎప్పుడు చూపాలి - ఇవన్నీ కాగితంమీద రాసుకుని సాక్షుల సంతకాలు పెట్టించాలి. రాసుకోవడం అపనమ్మకం కాదు. లావాదేవీని సాక్షులతో రాయించుకోమన్నది దివ్యఖుర్ఆన్ ఆదేశమే.

నిసాబ్ దాటిన సొమ్ము బీరువాలో పడివుంటే, ఏటా నూటికి రెండున్నర జకాత్ ఇవ్వగా అది తగ్గుతూ పోతుంది. ధరలు పెరిగి మిగిలినదాని విలువా కరిగిపోతుంది. ధనం నిలవ ఉండిపోవాలని కాదు, న్యాయంగా చేతులు మారాలని మన ధర్మం కోరుతుంది.

గుండుగొలను బిడ్డ బందరులో తలుపు తెరిచిన రోజున లక్ష రూపాయలే ఉన్నాయి. కాని ఆ లక్షకు లెక్క ఉంది, అడిగేవాళ్లున్నారు. మన ఇంట్లో అయిదు వందలే ఉండవచ్చు. వడ్డీ సోకకుండా, అర్థమైన వ్యాపారంలో, లెక్క చూపేవారి చేతిలో పెడితే ఆ అయిదు వందలకూ బర్కత్ ఉంటుంది. అల్లాహ్ మన సంపాదనను హలాల్‌గా ఉంచి, మన కష్టార్జితాన్ని మోసగాళ్లనుంచి కాపాడుగాక.